పిడుగు చేతికి కట్టు

ఎడమచెయ్యి అయిపోయింది, ఇక కుడిచెయ్యి మిగిలింది. మేనమామ స్టూలు ముందుకు జరుపుకుని, మేనల్లుడి కుడిచేతిని రోకలిబండలా ఎత్తి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. గాజుగుడ్డ మణికట్టు చుట్టూ మూడు చుట్లు, బొటనవేలి సందులోంచి ఒకటి, అరచేతి మీదుగా మళ్ళీ వెనక్కి. పదకొండేళ్ళుగా కడుతున్న కట్టు, కళ్ళు మూసుకుని కట్టగలడు, ఇవాళ కళ్ళు మూసుకోవాలనే ఉంది. నెత్తిమీద కప్పు అదురుతోంది. ఆ కప్పు పైన మెట్ల వరసలు, మెట్ల మీద జనం, ఆ జనం కాళ్ళన్నీ ఒకేసారి నేలను తన్నుతూ పిడుగు, పిడుగు, పిడుగు అంటున్నాయి, ఒక్కో తన్నుకీ కప్పుకు వేసిన సున్నం చిటికెడు రాలి మేనల్లుడి భుజాల మీద పడుతోంది. వాడు దులుపుకోవడం లేదు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటున్నాడు, చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని కథ విన్నట్టు. పోటీకి ఇంకా ముప్పావుగంట ఉంది. పట్టపగలు పన్నెండింటికి పోటీ ఏమిటంటే ఎక్కడో సముద్రం అవతల టీవీ చూసేవాళ్ళకి అది సాయంత్రమట, వాళ్ళ తీరిక కోసం ఇక్కడ మనుషులు మిట్టమధ్యాహ్నం తన్నుకోవాలట.

ఎదుటి గోడ పక్క బెంచీ మీద రొట్టెలాయన కూర్చుని చూస్తున్నాడు. అది పద్ధతి. ఒక పక్షం వాళ్ళు చేతికట్టు కడుతుంటే అవతలి పక్షం మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని చూడాలి, అయ్యాక బొటనవేలితో పిడికిలి కణుపులు నొక్కి చూడాలి, లోపల గట్టివస్తువేమీ లేదని తేలితే సరే అనాలి, అప్పుడు పోటీ అధికారి ఆ కట్టు మీద సంతకం గీకుతాడు. ఇవాళ మేనల్లుడితో తలపడే బాక్సింగు ఛాంపియన్ తరఫున ఆ పనికి ఈ రొట్టెలాయన వచ్చాడు. అధికారి గుమ్మంలో నిలబడి ఫోన్లో ఎవరికో తను ఎవరి గదిలో ఉన్నాడో చెప్పుకుని మురిసిపోతున్నాడు, అవును, పిడుగే, ఇదిగో రెండడుగుల దూరంలో ఉన్నాడు, మా పాపకి చెప్పు. చూడమంటే చూడడు ఈయన. చూసేవాడు ఆ బెంచీ మీది మనిషి ఒక్కడే, వాడే దిక్కు. మేనమామ ట్రాక్‌సూటు జేబులో ఒక గట్టిముక్క తొడకు గుచ్చుకుంటోంది.

పేరు గొప్ప ఊరు దిబ్బ. ఆ మాట అన్నవాడు టీవీలో కూర్చున్న ఒక బక్కపలచటి విలేఖరి, వాడి మెడ పిడికిట్లో పడుతుంది. ఆర్నెల్ల కిందట, వెయ్యిమంది ప్రేక్షకుల ముందు వాడు కాలు మీద కాలేసుకుని అడిగాడు, "మీరు ఇరవై తొమ్మిది పోటీలు గెలిచారు సరే, మీ చేతిలో ఓడినవాళ్ళలో ఒక్కడి పేరైనా ఇక్కడ కూర్చున్నవాళ్ళకి తెలుసా? మీకైనా గుర్తుందా?" జనం వాణ్ణి లేచి కొట్టేటట్టే ఉన్నారు, మేనల్లుడు మాత్రం చెయ్యెత్తి వాళ్ళని ఆపి, నిజమేనండి, పెద్దవాడితో ఆడతాను, ఛాంపియన్‌తోనే ఆడతాను, అని అక్కడికక్కడే అనేశాడు, చప్పట్లు ఆగలేదు, మర్నాటికి కాగితాలు వచ్చాయి, సంతకం పెట్టాడు, మేనమామకు ఒక్కమాట చెప్పకుండా. ఆ రాత్రి అన్నం కెలుకుతూ అడిగాడు, "వాడడిగినదానికి జవాబేంటి మామయ్యా?" మేనమామ కంచంలోంచి తలెత్తకుండానే, వాడో నోటివాగుడు మనిషి, వాడి మాటలకేం గానీ తిను, అన్నాడు. జవాబు తెలియక కాదు. ఆ జవాబు తన చేత్తో తనే తయారుచేసినది కనక.

ఇరవై తొమ్మిదిమందినీ ఏరింది తనే. రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరిపారేసి బియ్యం ఉంచుకున్నట్టు, గట్టివాళ్ళని ఏరిపారేసి మెత్తటివాళ్ళని ఉంచాడు. మొదటివాడు బస్సు డ్రైవరు, రాత్రంతా బస్సు నడిపి పొద్దున బరువు చూపించుకోవడానికి వచ్చి తూకం యంత్రం మీదే కునికాడు. ఇంకొకడికి కుడికంట శుక్లం, ఆ వైపు నుంచి గుద్దు వస్తే గాలి వీచినట్టే వాడికి. ఒకడికి నలభై ఒకటో ఏడు, కూతురు పెళ్ళికెదిగింది, పడిపోయే ముందు మోకాళ్ళు జాగ్రత్త చేసుకుని మరీ పడ్డాడు పాపం. అందరూ మంచివాళ్ళే, అందరూ పెద్దవాళ్ళే, దూలాల్లాంటి మనుషులు, చూడ్డానికి భయమేసేవాళ్ళు, కింద పడితే రింగు అదిరేది, టీవీలో ఆ అదురు బాగుండేది. జనానికి ఎవడు పడ్డాడన్నది కాదు, ఎంత చప్పుడుతో పడ్డాడన్నది కావాలి. అంతెందుకు, తనున్నాడు. నలభై ఏళ్ళ కిందట ఖాళీ కుర్చీల ముందు, అయిదొందల మంది పట్టే హాల్లో ముప్ఫైమంది చూస్తుండగా, తర్వాత ఛాంపియన్లయిన ఇద్దరిని తను ఓడించాడు, పద్ధతిగా, పాయింట్ల మీద, ఎవర్నీ కింద పడెయ్యకుండా. ఆ సంగతి ఇప్పుడు తనకీ, హాలు ఊడ్చే ముసలమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు, ఆవిడా పోయింది. తనకి పని ఉంది పేరు లేదు, వీడికి పేరుంది పని లేదు, ఇద్దర్నీ కలిపి కుడితే ఒక సరైన మనిషి అయ్యేవాడు.

అయితే జనం ఊరికే ప్రేమించారా అంటే అదీ కాదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. వీడు ఓడినవాడి గదికి వెళ్ళేవాడు, ప్రతిసారీ. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఫోటో తియ్యలేదు మొదట్లో. ఆస్పత్రుల్లో పిల్లల మంచాల పక్కన ఆ మహాకాయం మోకాళ్ళ మీద కూచునేది, బల్ల మీద చెయ్యి పెట్టి పంజా పోరాటంలో నాలుగేళ్ళ పిల్లకి ఓడిపోయి కిందపడి దొర్లేది. అభిమాని పేరు ఒక్కసారి వింటే మర్చిపోడు. రోడ్డు మీద ముసలాళ్ళు ఆపి నెత్తిన చెయ్యి పెడితే వంగి నిలబడతాడు, ఎంతసేపంటే అంతసేపు. జనం ప్రేమించింది నిజమైన మనిషినే. కాకపోతే ఆ ప్రేమకి రుజువు రింగులో చూపించమంటున్నారు, వీడి దగ్గర లేనిది అదొక్కటే. మంచి వంటవాణ్ణి మెచ్చుకుని మెచ్చుకుని చివరికి ఓడ నడపమన్నట్టుంది వ్యవహారం. మేనమామ వేళ్ళ సందుల్లోంచి గాజుగుడ్డ లాగి బిగించాడు, ఒకటి, రెండు, మూడు, మేనల్లుడు కళ్ళు మూసుకునే వేళ్ళు విడదీసి పట్టుకున్నాడు, పసిపిల్లాడికి చొక్కా తొడుగుతుంటే చెయ్యి అందించినట్టు.

ఆరేళ్ళ కిందట ఆ రోజే ఆపేయాల్సింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల. ప్రాక్టీసులో, ఎవరూ చూడని మంగళవారం పూట, వీడికంటే పాతిక కిలోలు తక్కువున్న ఒక బక్కాడి చెయ్యి జారి వీడి కణతకి తగిలింది. గుద్దు కూడా కాదది, రాసుకుపోయింది. వీడు పడలేదు. నిలబడ్డాడు. చేతులు కిందికి వేలాడేసి, నవ్వుతూ, గోడవైపు చూస్తూ నిలబడి, "మామయ్యా, అమ్మ వచ్చిందా?" అన్నాడు. అక్క పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ గదిలో ఉన్న గడియారం ముల్లు ఎంత తిరిగిందో మేనమామకి ఇప్పటికీ లెక్కే, నలభై సెకన్లు, నలభై సెకన్లు అక్క ఆ గుమ్మంలో ఉంది వీడికి. తర్వాత వీడికేమీ గుర్తులేదు, దాహమేస్తోందన్నాడు, నీళ్ళు తాగాడు. మేనమామ వేరే ఊళ్ళో పేరు మార్చి రాయించి ఒక డాక్టరుకు చూపించాడు, ఆయన ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూసి, ఇంకొకటి గట్టిగా తగిలితే నేను చెప్పలేను, ఈ పని మానిపించండి, అని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం మేనమామ బస్టాండులోనే చింపేశాడు. ఎవరి కంటా పడకూడదని నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు, తర్వాత ముక్కలు కనపడనంత చిన్నవి. అప్పటికి వీడి బొమ్మ బస్సుల మీద ఉంది. వీడి వెనక నడుస్తుంటే జనం తనకి కూడా దారి ఇస్తున్నారు, అబద్ధం ఎందుకు, తనకది రుచిగా ఉంది. నలభై ఏళ్ళు ఆకలి మీదున్నవాడి ముందు విస్తరి వేస్తే లేచిపోతాడా. మానిపించడానికి బదులు ఇంకో పని చేశాడు: ఆ రోజునుంచి ప్రాక్టీసులో వీడి తల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, వేసినవాడికి మర్నాడు పని లేదు. పోటీకి వచ్చేవాణ్ణి ఇంకా మెత్తగా ఏరాడు. అలా ఆరేళ్ళు వీడికి దెబ్బ తగలకుండా కాపాడాడు, కాపాడి కాపాడి, దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో తెలియని బాక్సర్‌ని తయారుచేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ వీరుడికి వెనకడుగు వెయ్యడం రాదు, అవతలివాణ్ణి వాటేసుకుని ఊపిరి తీసుకోవడం రాదు. కంచే చేను మేసింది, ఇంకెవరిమీద ఏడుస్తాడు.

చెప్పాడు, చెప్పలేదని కాదు. పది నిమిషాల కిందట, రొట్టెలాయన ఇంకా రాకముందు, తలుపు వేసి, వీడి రెండు చెంపలూ పట్టుకుని చెప్పాడు.

"ఒరే నాన్నా, నా మాట విను. వాడు నిన్ను చంపేస్తాడు. నువ్వు వాడికి సాటి రావు. నడుం పట్టేసిందని చెప్పు, కడుపునొప్పని చెప్పు, ఇంటికి పోదాం."

మేనల్లుడు పకపకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, ఆ ఎలుగుబంటి చేతుల్తో దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. "ఇంకా అనలేదేంటా అనుకుంటున్నా మామయ్యా. ఇది వినకపోతే నాకు ఒళ్ళు వేడెక్కదు."

నాన్నా పులి. ఇరవై తొమ్మిదిసార్లూ అదే మాట అన్నాడు మరి. మెత్తటివాణ్ణి ఏరి తెచ్చి, ఆ మెత్తదనం వీడికి తెలియకూడదని, ప్రతి పోటీకి ముందూ తలుపు వేసి చెంపలు పట్టుకుని, వీడు నిన్ను చంపేస్తాడురా, వీడి చెయ్యి ఇనుము, జాగ్రత్త, అని బెదిరించాడు; వీడు బెదిరి, పట్టుదల తెచ్చుకుని, వెళ్ళి ఆ ఇనుమును రెండో రౌండులో పడేసి, వచ్చి మామయ్యని ఎత్తుకుని తిప్పేవాడు. కునికే డ్రైవరూ ఇనుమే, కన్ను కనపడనివాడూ ఇనుమే. ఇవాళ నిజంగా ఇనుము ఎదురుగా వచ్చి కూర్చుంటే దాన్ని పిలవడానికి వేరే మాట మిగల్లేదు. డాక్టరు సంగతి కూడా చెప్పాడు, కణత సంగతి, నలభై సెకన్ల సంగతి, అక్క సంగతి. అక్కని లాగితే నమ్ముతాడనుకున్నాడు. వాడి మొహం ఒక్కక్షణం నిజంగానే చిన్నబోయింది, తర్వాత, ఈసారి బాగా కష్టపడి కల్పించావు మామయ్యా, అన్నాడు మెల్లగా, కొంచెం నొచ్చుకుని. ఇంక ఆ దారి మూసుకుపోయింది.

పొద్దున పోటీ డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు. చింపిన కాగితం గురించి చెబితే ఆయన కొత్త ఫిల్ము చూపించాడు, ఇదిగో శుభ్రంగా ఉంది, మీరు పెద్దవారు, పోటీ రోజు కంగారు సహజం, అన్నాడు, అని సొరుగులోంచి ఒక ఫోటో తీసి, మా అబ్బాయికి వీరి సంతకం కావాలి, మీరడిగితే కాదనరు, అన్నాడు. మేనమామ తెచ్చిచ్చాడు కూడా. తువ్వాలు విసరచ్చు, దెబ్బలు తింటుంటే రింగులోకి తువ్వాలు విసిరితే రిఫరీ పోటీ ఆపుతాడు, కాని అది దెబ్బలు తినేవాడికి. ఒక్క దెబ్బతో పొయ్యేవాడికి తువ్వాలు విసరడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అది గాల్లో ఉండగానే అయిపోతుంది. ఛాంపియన్ పద్ధతి తెలుసు తనకి. వాడు కణత మీదే కొడతాడు. వాడి చేతిలో కిందటేడు ఓడినవాడు ఇప్పుడు చెంచా నోటి దాకా తెచ్చుకుని అక్కడ ఆగిపోతాడట, నోరు ఎక్కడుందో గుర్తు రాక, భార్య చెయ్యి పట్టుకుని తోస్తే తింటాడట.

అందుకే జేబులో ఈ ముక్క. నిన్న సాయంత్రం మందులషాపులో, ఎముక విరిగితే వేసే పిండికట్టు గుడ్డ కొన్నాడు, బాత్‌రూములో తడిపి, మడతపెట్టి, ఎండబెట్టాడు. బిస్కెట్టంత ఉంది, రాయిలా ఉంది. ఇది పిడికిలి మీద గాజుగుడ్డ కింద పెడితే గుద్దు గుద్దు కాదు, సుత్తిదెబ్బ. ఇంతకంటే పెద్ద దొంగతనం ఈ ఆటలో లేదు. దొరికితే పోటీ ఆగిపోతుంది, అక్కడికక్కడే. ఇద్దరికీ ఈ ఆట జీవితాంతం బంద్. పైనున్న జనమే కిందికి దిగి ఉమ్మేస్తారు, బస్సుల మీద బొమ్మలకి పేడ పూస్తారు, పిడుగు అంటే దొంగ అని అర్థం రాసుకుంటారు. పదకొండేళ్ళ పేరు పది నిమిషాల్లో బూడిద. బూడిదైతే అవనీ. పేరు పోయినవాడికి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, వాడు చెంచా నోట్లో తనే పెట్టుకోగలడు. దొరకాలి, అంతే. దొరకడానికే ఇది. దొరక్కపోతే? ఆ ఆలోచనని అక్కడే తొక్కేశాడు, ఎందుకంటే చూసేవాడు రొట్టెలాయన.

రొట్టెలాయన పదిహేడో మనిషి, ఆ ఏరిన బియ్యంలోవాడే. తెల్లారుజామున బట్టీలో రొట్టెలు కాల్చి, పగలు బాక్సింగు ఆడే మనిషి. పోటీకి వారం ముందు రొట్టెల బండి మీదనుంచి జారిపడి ఎడమ డొక్కలో ఎముక చిట్లిందని మేనమామకు కబురు తెలిసింది, తెలిసే ఖాయం చేశాడు. బరువు చూసుకునేటప్పుడు ఆయన చొక్కా తల మీదుగా తీస్తూ పళ్ళు బిగించడం కళ్ళారా చూసి, మేనల్లుడి చెవిలో, ఎడమ డొక్క, ఎడమ డొక్క, అని ఊదాడు. రెండో రౌండులో మనిషి పిండి బస్తాలా కూలాడు, మళ్ళీ రింగెక్కలేదు. ఇలాంటివాడు కడుపులో ఏం పెట్టుకుని ఉంటాడు? ఎన్నాళ్ళుగా ఈ రోజు కోసం చూస్తుంటాడు? ఛాంపియన్ కొలువులో చేరింది ఇందుకే కదూ? నొక్కు నాయనా, గట్టిగా నొక్కు, గావుకేక పెట్టు, నీ పగ తీర్చుకుని మా వాణ్ణి బతికించు. మేనమామ నుదురు తుడుచుకునే నెపంతో జేబులో చెయ్యి పెట్టాడు, ముక్క తీశాడు, దొంగతనం రానివాడిలా, కావాలనే నిదానంగా, కణుపుల మీద పెట్టి గాజుగుడ్డ మడత కప్పి, టేపు చుట్టాడు.  

"అయిందండీ," అన్నాడు. 

రొట్టెలాయన లేచి వచ్చాడు. మేనల్లుడు కళ్ళు తెరిచి, ఆయన్ని చూసి, "అరె, మీరా! చూడనేలేదు. డొక్క ఇప్పుడెలా ఉంది? మీ చిన్నవాడు స్కూల్లో చేరాడా?" అన్నాడు. రొట్టెలాయన మొహం దీపం పెట్టినట్టయింది. చేరాడండి, మీ ఫోటో పుస్తకం అట్టకి వేసుకున్నాడు, అని, ఎడమచెయ్యి నొక్కి చూశాడు, సరే. కుడిచెయ్యి తీసుకున్నాడు. బొటనవేలు కణుపుల మీదికి వచ్చి ఆగింది. ఇంకోసారి నొక్కింది. ఆయన తలెత్తి మేనమామ కళ్ళలోకి చూశాడు, మేనమామ కూడా చూశాడు, కళ్ళు దించుకోలేదు. గుమ్మంలో అధికారి ఫోనులో నవ్వుతున్నాడు. అరిచెయ్యి. అరవవయ్యా.

"ఈ చెయ్యి బిగువెక్కువైనట్టుందండీ," అన్నాడు రొట్టెలాయన అధికారికి వినపడేలా, మామూలుగా. "రక్తం ఆడదు. విప్పి మళ్ళీ కడితే మంచిది." అని తనే కూర్చుని టేపు విప్పాడు, బట్టీలో కాలి గట్టిపడ్డ వేళ్ళతో, వేడి రొట్టెని ఒడుపుగా తీసినట్టు ఆ ముక్కని తన అరచేతిలోకి తీసుకుని జేబులో వేసుకున్నాడు. మేనల్లుడు మళ్ళీ కళ్ళు మూసుకుని పైచప్పుడు వింటున్నాడు. రొట్టెలాయన గాజుగుడ్డ చుట్ట మేనమామ చేతిలో పెడుతూ చెవి దగ్గరికి వంగాడు.

"భయపడి చేశారు, నాకు తెలుసు. నేనెవరికీ చెప్పను. ఆ రోజు నేను వంగలేకపోతే ఈ బాబు నేల మీద కూర్చుని నా బూట్లు విప్పాడండీ. ఈయన పేరు మీద మచ్చ పడితే నేను చూడలేను."

"నువ్వు అరవాలయ్యా," అన్నాడు మేనమామ. "అధికారిని పిలువు. దణ్ణం పెడతాను."

"ఊరుకోండి. గెలుస్తాడు. ఈ చేతి దెబ్బ తిన్నవాణ్ణి కదా, మా ఛాంపియన్‌కి కూడా అదే చెప్పాను, జాగ్రత్తగా ఉండమని. ఎముక విరిగిందండీ ఒక్క గుద్దుకి."

"నీ ఎముక ముందే విరిగింది. బండి మీంచి పడి. నాకు తెలిసే నిన్ను పిలిపించాను."

రొట్టెలాయనకి కోపం రాలేదు, వస్తే బాగుండేది. జాలిగా, ఎదుటివాడికి మతి పోతోందేమో అన్నట్టు చూసి, తల అడ్డంగా ఊపాడు. "కాదండీ. ఈ బాబు కొడితేనే విరిగింది. మా పిల్లలకి కూడా అదే చెప్పాను."

మేనమామ మళ్ళీ కట్టాడు. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, బొటనవేలి సందులోంచి ఒకటి. నేనే పెట్టాను, అదిగో ఆయన జేబులో ఉంది, అని తనే అరిచి ఉండచ్చు, అరిచాడు కూడా. "అయ్యా, నేను మోసం చేశాను, పోటీ ఆపండి," అని నిలబడి అరిచాడు. అధికారి ఫోను చెవి మీంచి తీసి రొట్టెలాయన వైపు చూశాడు, రొట్టెలాయన ఖాళీ చేతులు చూపించి, పెద్దాయన పొద్దుటినుంచీ ఏం తిన్నట్టు లేదండీ, అన్నాడు. మేనల్లుడు లేచి మామయ్య భుజాలు పట్టుకుని మెత్తగా స్టూలు మీద కూర్చోబెట్టి, ఎవరైనా ఈయనకి మంచినీళ్ళివ్వండి, అన్నాడు. అధికారి వంగి, రెండు చేతుల మీదా సంతకం చేసి, ఇంకొక సంతకం వాడి చేత తన చొక్కా చేతి మడత మీద చేయించుకున్నాడు.

గ్లవ్స్ తొడిగారు. తలుపు తీశారు, చప్పుడు గదిలోకి వచ్చిపడింది. మేనల్లుడు ముందు, పక్కనే రొట్టెలాయన దారి చేస్తూ, వెనకాల తువ్వాలు భుజాన వేసుకుని మేనమామ. రెండువైపులా మొహాలు, మొహాలు, చేతులు చాచి వాడి వీపు తాకాలని, ఏడుస్తున్న ఆడవాళ్ళు, భుజాలెక్కిన పిల్లలు. ఎదురుగా రింగులో ఛాంపియన్ తాళ్ళకి ఆనుకుని ఉన్నాడు, వాడు కూడా, వీడు మెట్లెక్కుతుంటే, నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. ఇన్ని వేలమందిలో వీణ్ణి బతికించడానికి ఒక్క పగవాడు ఉంటే చాలేది. మేనమామ ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ నడిచాడు, రింగు దాకా వెతికాడు, గంట మోగేదాకా వెతికాడు, అందరూ వీణ్ణి ప్రేమించినవాళ్ళే.